జ్ఞాపక లోహాల్లో స్ఫటిక రేణువుల దిశ: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టుల కాలం రాగానే విజయనగరంలోని మా లోహశాస్త్ర ప్రయోగశాల గుమ్మం దగ్గర ఏటా ఒకే దృశ్యం. నలుగురు పిల్లలు నైటినాల్ తీగ ముక్క తెస్తారు. వంచినా వేడి చేస్తే పాత ఆకారానికి వచ్చే లోహాలను జ్ఞాపక లోహాలు అంటాం, నికెల్-టైటానియం మిశ్రమమైన నైటినాల్ అందులో ఒకటి. దాన్ని వంకరగా వంచి వేడినీళ్లలో వేస్తారు. అది చటుక్కున నిటారవుతుంది, అందరూ సంబరపడతారు. తర్వాత స్కేలు, తూకం పట్టుకుని కొలతలకు దిగితే సంబరం కాస్తా చల్లారుతుంది. పుస్తకంలో ఉన్న అంకె రాదు, నిన్న వచ్చిన అంకె కూడా రాదు. శ్రీకాకుళం నుంచి ఫోను చేసే పాత విద్యార్థులదీ ఇదే గోడు. ఇలాంటి సందేహాల్లో సగానికి పైగా రేణువుల దిశ దగ్గరే తేలాయి కాబట్టి వాటిని ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి. మీకు కావలసిన చోట తెరిచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

లోహం ఎటు చూసినా లోహమే కదా, దానికి దిక్కు ఏమిటి?

పొందూరు ఖద్దరు గుడ్డ ఒకటి తీసుకోండి. పడుగు వెంట లాగితే పెద్దగా సాగదు, పేక వెంట లాగినా అంతే. మూలకు మూల పట్టుకుని లాగితే మాత్రం చక్కగా సాగుతుంది. నూలు మారలేదు, నేత మారలేదు, మీరు లాగిన వైపు మారింది. స్ఫటికంలో పరమాణువుల అమరిక కూడా ఒక నేతే, అది మూడు దిశల్లో ఉంటుంది. లోహపు ముక్కలో ఇలాంటి స్ఫటికాలు లక్షలు ఉంటాయి. ఒక్కొక్క దాన్ని రేణువు అంటాం, ఒక్కో రేణువు నేత ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. అవి ఎటుపడితే అటు తిరిగి ఉంటే ముక్క మొత్తం మీద తేడాలు సర్దుకుని అన్ని వైపులా ఒకేలా కనిపిస్తుంది. తీగగా లాగినా రేకుగా సాగగొట్టినా చాలా రేణువులు ఒక వైపుకు మొగ్గుతాయి. పుస్తకాలు దీన్ని టెక్స్చర్ అంటాయి, నేను మొగ్గు అంటాను.

[100], [110], [111] అని రాస్తారు, వాటిని ఎలా చదవాలి?

ఒక చదరపు డబ్బా ఊహించుకోండి. అంచు వెంట పోయే దిశ [100]. ఒక ముఖం మీద మూల నుంచి మూలకు గీత గీస్తే [110]. డబ్బా లోపలి నుంచి ఒక మూల నుంచి పూర్తిగా ఎదురుగా ఉన్న మూలకు పోతే [111]. ఇంతకు మించి భయపడాల్సింది లేదు.

వేడి చేస్తే పాత ఆకారానికి వస్తుంది, సరే. అందులో రేణువు దిశకు పనేమిటి?

వేడిగా ఉన్నప్పుడు నైటినాల్ అమరిక ఘనాకారంలో ఉంటుంది. దాన్ని ఆస్టెనైట్ అంటాం. చల్లబడితే ఆ ఘనం ఒక పక్కకు ఒరిగి మార్టెన్‌సైట్ అవుతుంది. ఒరగడానికి ఒకే మార్గం లేదు, 12 రకాలుగా ఒరగవచ్చు. బరువేమీ లేకుండా చల్లబరిస్తే ఆ రకాలన్నీ కలగలిసి, ఒకదాని సాగుదలను మరొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే ముక్క బయటి ఆకారం మారదు. మీరు లాగినప్పుడు ఆ లాగుడుకు అనుకూలమైన రకాలు మిగతావాటిని మింగి పెరుగుతాయి, తీగ పొడవవుతుంది. వేడి చేస్తే అన్నీ తిరిగి ఒకే ఘనంలోకి వస్తాయి, పొడవు వెనక్కి వస్తుంది. లాగిన వైపుకు అనుకూలమైన రకం ఎంత సాగగలదన్నది ఆ రేణువు ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. జ్ఞాపకం ఎంత దూరం పనిచేస్తుందో అక్కడే తేలిపోతుంది.

అంకెల్లో చెప్పండి, దిశ మారితే తేడా ఎంత?

మీరు అనుకునే దానికంటే ఎక్కువ. నైటినాల్ ఏకస్ఫటికాన్ని, అంటే మొత్తం ఒకే రేణువుగా ఉన్న ముక్కను, లాగినప్పుడు తిరిగి రాబట్టుకోగల గరిష్ఠ సాగుదలను స్ఫటిక కొలతల నుంచి లెక్కకట్టవచ్చు. [111] వెంట అది దాదాపు 9.8 శాతం, [110] వెంట 8.4 శాతం, [100] వెంట కేవలం 2.7 శాతం. లోహం అదే, కూర్పు అదే, ఉష్ణోగ్రత అదే. మీటరు పొడవున్న కడ్డీ ఊహించుకుంటే ఒక దిశలో దాదాపు 10 సెంటీమీటర్లు, మరో దిశలో 3 సెంటీమీటర్ల లోపు.

ఇందులో ఒక అంకెను మీరే సరిచూసుకోవచ్చు. ఆస్టెనైట్ ఘనం అంచు 0.3015 నానోమీటర్లు, కాబట్టి ముఖం కర్ణం 0.4264. మార్టెన్‌సైట్‌గా మారినప్పుడు ఆ కర్ణాల్లో ఒకటి 0.4622 అవుతుంది. భాగించండి, 8.4 శాతం వస్తుంది. అంచుల్లో ఒకటేమో 0.2889కి కుంచించుకుపోతుంది, అంటే 4.2 శాతం తగ్గుదల. ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూపిన రోజు వెనక బెంచీలు కూడా మేలుకుంటాయి.

జ్ఞాపక లోహాలు చాలా ఉన్నాయంటారు, మరి అందరూ నైటినాల్ వెంటే ఎందుకు పడతారు?

ఈ గుణం మొదట నైటినాల్‌లో బయటపడలేదు. బంగారం-కాడ్మియం మిశ్రమంలో ఇలాంటి ప్రవర్తనను 1932లోనే గమనించారు. నైటినాల్ పేరు నికెల్, టైటానియం, ఆ పరిశోధన జరిగిన అమెరికా నేవల్ ఆర్డ్‌నెన్స్ ల్యాబొరేటరీ తొలి అక్షరాలు కలిపి పెట్టింది. అక్కడ విలియం బ్యూలర్ ఆ లోహం మీద పనిచేశారు.

దాని ప్రాచుర్యానికి ఒక కారణం రేణువుల దగ్గరే ఉంది. అనేక రేణువులున్న ముక్కలో ఒక రేణువు ఒంటరిగా సాగలేదు, పక్కనున్న రేణువుతో సరిపెట్టుకోవాలి. ఉమ్మడి గోడ పంచుకున్న ఇళ్ల లాంటి వ్యవహారం ఇది. ఎవరికి వారు తోచినట్టు గోడ జరిపితే పగుళ్లు వస్తాయి. నైటినాల్ మార్టెన్‌సైట్ అమరికలో సౌష్ఠవం తక్కువ కావడం వల్ల ఒరగడానికి 12 మార్గాలున్నాయి, పొరుగు రేణువుతో సర్దుకోవడానికి వీలు దొరుకుతుంది. ఘనం నుంచి చతుష్కోణ అమరికకు మారే మిశ్రమాలకు 3 మార్గాలే ఉంటాయి. వాటిలో ఏకస్ఫటికం అద్భుతంగా సాగినా మామూలు ముక్క ఉసూరుమనిపిస్తుంది. అమరిక సౌష్ఠవానికీ, రేణువుల మొగ్గుకూ, మామూలు ముక్క సాగుదలకూ ఉన్న ఈ లంకెను భట్టాచార్య, కోన్ అనే పరిశోధకులు 1990లలో గణితంగా నిరూపించారు.

## తీగ, రేకు కొనేటప్పుడు

తీగ కొంటున్నాను, రేణువుల దిశ గురించి బెంగపడాలా?

లాగే పనికైతే పెద్దగా అక్కర్లేదు. డై రంధ్రాల గుండా పదే పదే లాగి తీగ చేసేటప్పుడు నైటినాల్‌లో ఎక్కువ రేణువుల [111] దిశ, అంటే ఘనంలో మూల నుంచి ఎదురు మూలకు పోయే దిశ, తీగ పొడవు వెంటే వచ్చి నిలుస్తుంది. ఎక్కువ సాగే దిశ కూడా అదే. తయారీ మీకు తెలియకుండానే మేలు చేసిపెట్టింది.

రేకు నుంచి పట్టీలు కత్తిరించాలి, ఏ వైపు కత్తిరిస్తే మంచిది?

ముందు రేకును ఏ వైపు రోలింగ్ చేశారో, అంటే రోలర్ల మధ్య సాగగొట్టారో, కనుక్కోండి. బొబ్బిలి వీణ చెక్కే పనివారు పనస దుంగలో పోగు ఎటు నడిచిందో చూడకుండా ఉలి పెట్టరు. మనం మాత్రం వేలు పోసి కొన్న రేకు మీద, ఖాళీ ఎటు ఎక్కువుంటే అటు కత్తెర పెడతాం.

ఇది నా నెత్తికి చుట్టుకున్న తప్పు కూడా. ఒకసారి చేతిలో ఒకే రేకు ఉంది, వృథా కాకూడదని కొన్ని పట్టీలు నిలువుగా, కొన్ని అడ్డంగా కత్తిరించి అన్నీ ఒకే కవర్లో వేశాను. ఫలితాలు రెండు గుంపులుగా విడిపోయాయి. రెండు వారాలు కొలిమిని అనుమానించాం, వేడి కొలిచే థర్మోకపుల్ మార్చాం, చివరికి కొలతలు తీసిన అబ్బాయిని కూడా మందలించాను. అతని తప్పేమీ లేదు. అప్పటి నుంచి కత్తిరించే ముందే రోలింగ్ దిశను బాణం గుర్తుతో రేకు నిండా గీస్తాను, ప్రతి పట్టీ మీదా ఒక గీత మిగిలేలా.

ఏ కోణం మంచిదన్న దానికి ఒకే జవాబు లేదు. ఎంత పల్చగా, ఎంత వేడి మీద సాగగొట్టారన్న దాన్ని బట్టి మొగ్గు మారుతుంది. రేకు తలానికి లంబంగా [111] నిలిచే రకం మొగ్గు ఉంటే, తలం లోపల ఎటు కత్తిరించినా తేడా తక్కువే. వేరే రకమైతే 0, 45, 90 డిగ్రీల పట్టీలు మూడూ మూడు కథలు చెబుతాయి.

అమ్మినవారి పత్రంలో 8 శాతం అని ఉంది, మాకు 5 కూడా రాలేదు. మోసమా?

కాకపోవచ్చు. 8 శాతం అన్నది ఒక్కసారి గట్టిగా లాగినప్పటి మాట అయి ఉంటుంది. వేల సార్లు పనిచేయాల్సిన తీగకు 3 నుంచి 4 శాతం మించి ఆశించడం నా దృష్టిలో అత్యాశ. పత్రంలో పరీక్షించిన దిశ, పరీక్షించిన ఉష్ణోగ్రత రాశారో లేదో చూడండి. ఆ రెండూ లేని శాతం, కొలత చెప్పని పాత్రతో అమ్మిన నూనె లాంటిది.

## ప్రయోగం మధ్యలో

ఒకే కడ్డీ లాగితే మెత్తగా ఉంది, నొక్కితే గట్టిగా ఉంది. యంత్రం చెడిందా?

యంత్రం బాగానే ఉంది. మామూలు ఉక్కులో లాగినా నొక్కినా మొదట్లో ఒకే తీరు కాబట్టి మనకు అదే అలవాటు. ఇక్కడ ఒరగడం ఒక వైపుకే జరుగుతుంది. లాగుడుకు పొడవయ్యే రకం వేరు, నొక్కుడుకు పొట్టిగా మారే రకం వేరు, రెండింటి పరిమాణమూ వేరు. పొడవు వెంట [111] మొగ్గు ఉన్న కడ్డీని లాగితే తక్కువ ప్రతిబలానికే (అడ్డుకోత వైశాల్యంలో ఒక్కో చదరానికి పడే బలానికే) మార్పు మొదలై ఎక్కువ సాగుతుంది. నొక్కితే ఎక్కువ ప్రతిబలం కావాలి, వచ్చే మార్పు తక్కువ. వంచినప్పుడు ఈ రెండూ ఒకే ముక్కలో ఎదురవుతాయి. బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నలుగుతుంది. అందువల్ల సాగకుండా నలగకుండా మిగిలే మధ్యరేఖ నట్టనడుమ ఉండదు, నొక్కుడు వైపుకు జరుగుతుంది. మామూలు దూలం సూత్రాలు వాడి లెక్క తప్పిందని వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే జారిపడ్డారు.

మంచి తీగనే స్ప్రింగుగా చుట్టాం, అయినా తీగంత బలంగా లాగడం లేదేమిటి?

స్ప్రింగును లాగితే దానిలోని తీగ మెలిపడుతుంది, సాగదు. మెలిపడ్డ తీగలో అసలు లాగుడు తీగ పొడవుకు 45 డిగ్రీల వాలుగా పనిచేస్తుంది. తీగ పొడవు వెంట పేరుకున్న మొగ్గు ఆ వాలు దిశలో మీకు అంతే మేలు చేయదు. పైగా మెలిలో బలమంతా తీగ పైపొర మీదే పడుతుంది, నడుమ ఉన్న లోహం ఊరికే కూర్చుంటుంది. ప్రయాణ దూరం కావాలంటే స్ప్రింగు, బలం కావాలంటే తిన్నటి తీగ.

500 డిగ్రీల వద్ద ఆకారం నేర్పితే రేణువుల దిశ మారిపోదా?

కొద్ది నిమిషాల పాటు 500 డిగ్రీల దగ్గర ఉంచితే తీగలో లాగినప్పుడు వచ్చిన మొగ్గు చాలావరకు అలాగే ఉంటుంది. ఆ వేడి లోపలి చిక్కులను కొంత సడలిస్తుంది, నికెల్ ఎక్కువున్న తీగలో సన్నని అవక్షేపాలను, అంటే లోహం లోపలే విడిపడే నలుసులను, పుట్టిస్తుంది. వాటి వల్ల మార్పు ఉష్ణోగ్రత, అంటే ఆస్టెనైట్, మార్టెన్‌సైట్ ఒకదాని నుంచి మరొకటిగా మారే ఉష్ణోగ్రత, కదులుతుంది. వేడి బాగా పెంచి ఎక్కువసేపు ఉంచితే కొత్త రేణువులు పుట్టి పెరుగుతాయి, అప్పుడు మొగ్గు మారే అవకాశం ఉంది, తీగ బలమూ పడిపోతుంది. తొందర పనికిరాదు, అలాగని కొలిమిలో పెట్టి టీకి వెళ్లిపోవడమూ పనికిరాదు.

డిసెంబరులో వచ్చిన లెక్క మే నెలలో రావడం లేదు, ఇదీ రేణువుల దిశేనా?

ఇందులో ప్రధాన దోషి మన ఎండ. ఆస్టెనైట్‌గా ఉన్న నైటినాల్‌ను లాగి మార్టెన్‌సైట్‌గా మార్చడానికి కావలసిన ప్రతిబలం, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే సుమారు 6 నుంచి 7 మెగాపాస్కల్ పెరుగుతుంది. డిసెంబరు ఉదయం ప్రయోగశాలలో 20 డిగ్రీలు, మే మధ్యాహ్నం 38 అనుకుంటే తేడా 18 డిగ్రీలు, అంటే 110 నుంచి 125 మెగాపాస్కల్. ఏ.సి. లేని గదిలో ఇది కొలత దోషం కాదు, భౌతికశాస్త్రం.

రేణువుల దిశ దీనిలో రెండో చేయి వేస్తుంది. ఆ పెరుగుదల రేటు సాగుదలకు విలోమంగా ఉంటుంది. తక్కువ సాగే దిశలో, అంటే ఘనం అంచు వెంట, డిగ్రీకి పెరిగే ప్రతిబలం ఎక్కువ. ఎక్కువ సాగే దిశలో తక్కువ. కాబట్టి వేర్వేరు దిశల్లో కత్తిరించిన రెండు పట్టీలు ఎండకు ఒకే విధంగా స్పందించవు.

[111] అంత గొప్పదైతే అన్నీ ఆ దిశలోనే చేయవచ్చు కదా?

పిల్లలు అడిగే వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. జ్ఞాపక లోహంలో రెండు పోటీ మార్గాలుంటాయి. ఒకటి ఒరగడం, అది వెనక్కి వస్తుంది. రెండోది పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారిపోవడం, అది వెనక్కి రాదు. మనకు మొదటిది కావాలి, రెండోది వద్దు. నైటినాల్ ఆస్టెనైట్‌లో ఆ జారుడు ముఖకర్ణానికి లంబంగా ఉన్న తలాల మీద, ఘనం అంచు దిశలో జరుగుతుంది. జ్యామితి వేసి చూడండి. [100] వెంట లాగితే ఆ జారుడుకు అందే వాటా సున్నా. [110] వెంట 0.35. [111] వెంట 0.47, అంటే సాధ్యమైన గరిష్ఠం 0.5కి దాదాపు దగ్గర.

ఎక్కువ సాగే దిశే ఎక్కువ జారే దిశ కూడా అన్నమాట. ఒకటి రెండు సార్లు దూరం లాగాలంటే [111] రాజా. పదే పదే పనిచేసేటప్పుడు ప్రతిసారీ కొంచెం కొంచెం జారి, తీగ మెల్లగా పొడవై కూర్చుంటుంది. [100] తక్కువ ఇస్తుంది, ఇచ్చింది మాత్రం నిలబెట్టుకుంటుంది. తయారీదారులు శీతల పని (వేడి చేయకుండా సాగగొట్టడం), సన్నని రేణువులు, అవక్షేపాలతో లోహాన్ని గట్టిపరిచేది ఈ జారుడుకు అడ్డం వేయడానికే.

## కొలిచేటప్పుడు

రెండు ముక్కలకు డి.ఎస్.సి. గీత ఒకేలా వచ్చింది, అయినా సాగుదల వేరు. ఎలా?

డి.ఎస్.సి. అనేది వేడిని కొలిచే యంత్రం, ముక్క ఎంత వేడి పీల్చిందో, ఏ ఉష్ణోగ్రత దగ్గర మారిందో చెబుతుంది. వేడికి దిక్కు లేదు. బరువు లేకుండా పెట్టిన ముక్క ఎటు తిరిగి ఉన్నా దాని గీత దాదాపు మారదు. కాబట్టి గీతలు ఒకటైతే కూర్పు, వేడి చికిత్స ఒకటే అనడానికి మంచి ఆధారం దొరికినట్టే. సాగుదల తేడాకు ఇక దిశనే అనుమానించాలి. గీతలే వేరైతే ముందు కూర్పును చూడండి. నికెల్ పరమాణువుల వాటా 0.1 శాతం మారినా మార్పు ఉష్ణోగ్రత 10 డిగ్రీల మేర కదలవచ్చు. అన్ని పాపాలూ మొగ్గు మీదకు తోయకూడదు.

రేణువుల దిశను కంటితో చూడగలమా?

నేరుగా చూడలేం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఇ.బి.ఎస్.డి. అనే పద్ధతి ప్రతి బిందువు దగ్గర స్ఫటికం ఎటు తిరిగిందో కొలిచి రంగుల పటం ఇస్తుంది. మామూలుగా ఎరుపు అంటే [001], ఆకుపచ్చ [101], నీలం [111]. ఆ రంగులు మీరు ఎంచుకున్న అక్షానికి సంబంధించినవి. తీగ అక్షం బదులు అడ్డు అక్షం ఎంచుకుంటే నీలి పటం వేరే రంగుకు మారిపోతుంది, నివేదిక తలకిందులవుతుంది. నమూనాను ఆస్టెనైట్‌గా ఉండే ఉష్ణోగ్రతలోనే చూడండి, మార్టెన్‌సైట్ సన్న పొరల్లో పటం మసకబారుతుంది. చివరి మెరుగు విద్యుత్ పద్ధతిలో పెడితే మంచిది, ఎందుకంటే గరుకు కాగితం రుద్దుడుకే పైపొర మార్టెన్‌సైట్‌గా మారగలదు. సగటు మొగ్గు చాలంటే ఎక్స్-రే పద్ధతి చౌక.

మా కాలేజీలో అవేవీ లేవు, మరి?

తూకపు రాళ్లు, స్కేలు, వేడినీళ్లు ఉన్నాయి కదా. రేకు నుంచి 0, 45, 90 డిగ్రీల్లో ఒకే కొలతల పట్టీలు కత్తిరించండి. 100 మెగాపాస్కల్ పెట్టాలంటే అర మిల్లీమీటరు మందం తీగకు రెండు కిలోలు వేలాడదీస్తే సరిపోతుంది. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 0.3 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీకి సుమారు 15 కిలోలు కావాలి. బరువు వేలాడుతుండగా వేడి చేసి చల్లార్చి, ఎంత పైకి లేచి ఎంత కిందికి దిగిందో కొలవండి. మూడు కోణాలకూ అంకెలు వేరైతే మొగ్గు ఉందని తేలినట్టే. ఏ రకం మొగ్గో తెలియదు గానీ, ఎటు కత్తిరించాలో తెలుస్తుంది. బరువు కోసం ఇసుక నింపిన బకెట్టు వేలాడదీస్తే దాని కింద కాళ్లు పెట్టకండి.

## రాగి, ఇతర మిశ్రమాలు

బుడితి ఇత్తడి కూడా రాగి-జింకే కదా, దానికీ జ్ఞాపకం ఉంటుందా?

ఉండదు. శ్రీకాకుళం జిల్లా పిల్లలు ఏటా అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. పాత్రలకు వాడే ఇత్తడి మామూలుగా ఆల్ఫా అనే దశలో ఉంటుంది. జ్ఞాపకం చూపేది బీటా దశ, దానికి కూర్పు వేరు. గది ఉష్ణోగ్రత దగ్గర పనిచేయాలంటే అల్యూమినియం లాంటిది కూడా కలిపి, ఎర్రగా కాల్చి చటుక్కున చల్లార్చాలి.

రాగి మిశ్రమం చౌకని కొన్నాం, వంచగానే రేణువుల హద్దుల వెంట పగిలింది. ఎందుకు?

రేణువుల మధ్య పేచీ వల్ల. దిశను బట్టి గట్టిదనం ఎంత మారుతుందో చెప్పే నిష్పత్తి నైటినాల్‌లో 2 దగ్గర ఉంటే, రాగి-అల్యూమినియం-నికెల్‌లో 13 దగ్గర ఉంటుంది. పక్కపక్కనున్న రెండు రేణువుల్లో ఒకటి మెత్తగా లొంగుతుంది, రెండోది మొండికేస్తుంది, హద్దు దగ్గర ప్రతిబలం పేరుకుని పగులుతుంది. రేణువులు పెద్దవైతే ఇది ఇంకా ఎక్కువ.

దీనికి ఉన్న మందుల్లో నాకు ముచ్చటైనది వెదురు పద్ధతి. తీగ మందం మొత్తాన్ని ఒక్కో రేణువే ఆక్రమించేలా పెంచితే హద్దులు వెదురు కణుపుల్లా అడ్డంగా మాత్రమే మిగులుతాయి, మూడు రేణువులు కలిసే ప్రమాదకరమైన మూలలు ఉండవు. రాగి-అల్యూమినియం-మాంగనీస్‌లో వేడినీ చల్లదనాన్నీ మార్చి మార్చి ఇస్తూ రేణువులను సెంటీమీటర్ల పరిమాణానికి పెంచవచ్చని జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపారు.

అయస్కాంతంతో కదిలే జ్ఞాపక లోహం తెప్పిస్తే ప్రాజెక్టు మెరుస్తుందా?

నికెల్-మాంగనీస్-గాలియం ఏకస్ఫటికం అయస్కాంత క్షేత్రంలో 6 శాతం, మరో అమరికలో 10 శాతం వరకు కదులుతుంది. అదే లోహం మామూలు బహురేణువుల ముక్కగా దొరికితే దాదాపు కదలదు. ఏకస్ఫటికం ధర విన్నాక నిర్ణయించుకోండి.

లేజర్‌తో పొర పొరగా ముద్రించిన నైటినాల్‌లో మొగ్గు ఉంటుందా?

తరచుగా ఉంటుంది. కరిగిన గుంట నుంచి వేడి ఎటు పోతుందో రేణువులు అటు పెరుగుతాయి, చాలాసార్లు [001] దిశ పొరలు పేర్చిన ఎత్తు వెంట నిలుస్తుంది. లేజర్ శక్తి, గీతల మధ్య దూరం మార్చి దీన్ని కొంతవరకు మలచవచ్చు. అదే వస్తువును పడుకోబెట్టి ముద్రించినప్పుడు, నిలబెట్టి ముద్రించినప్పుడు వేర్వేరుగా ప్రవర్తిస్తే ఆశ్చర్యపోవద్దు.

## నివేదిక రాసేటప్పుడు

దిశ గురించి నివేదికలో ఎంత రాయాలి?

సిద్ధాంతం పది పేజీలు అక్కర్లేదు. ముక్క తీగా, రేకా, కడ్డీనా. పొడవు వెంట తీశారా, అడ్డంగా తీశారా. లాగారా, నొక్కారా, మెలిపెట్టారా. గది ఉష్ణోగ్రత ఎంత. మొగ్గు కొలవకపోతే కొలవలేదని ఒక్క వాక్యం రాయండి, మార్కులు తగ్గవు. కత్తిరించిన రేకు ఫొటో, బాణం గుర్తు కనబడేలా, మొదటి పేజీలోనే పెట్టండి. కవర్ల మీద పేర్లు పెన్సిల్‌తో వద్దు, నూనె చేతులకు చెరిగిపోతాయి.